కాఫీ మిషన్‌లో చింతపండు

శనివారం, బ్రూక్షాబాద్, అండమాన్

పొద్దున కాఫీ మిషన్ గుర్రుమందే గానీ చుక్క కూడా దిగలేదు. మూత తీస్తే ట్యాంకు నిండా చింతపండు పిప్పి. బావినీళ్లకు అడుగున పట్టిన తెల్ల పొర వదలాలని, ఇత్తడి బిందె తోమినట్టే, అమ్మ నిన్న చింతపండు పిసికి పోసిందట.

"మిషన్ పూరా ఖరాబ్ చేసేశావు!" అని అరిచాను. అమ్మ పెరట్లోకి వెళ్లిపోయింది.

పోర్ట్ బ్లెయిర్‌లో రిపేరు షాపతనికి ఫోన్ చేశాను. "పార్టు షిప్పులో రావాల దీదీ, నెల పడతాది. కొత్తది తీసేసుకోండి" అన్నాడు.

అదేం కుదరదనుకుని స్క్రూలు విప్పి కూర్చున్నాను. గొట్టంలో ఇరుక్కున్న పీచును చీపురు పుల్లతో లాగి, వాననీళ్లు పోసి మూడుసార్లు మరిగించి పారబోశాను. నాలుగోసారి కాఫీ ధారగా దిగింది.

అప్పుడు చూశాను, ట్యాంకు అడుగున తెల్ల పొర ఆనవాలు కూడా లేదు. చింతపండు తన పని చేసింది. వడకట్టకపోవడం ఒక్కటే పొరపాటు.

అమ్మకి గ్లాసు ఇస్తే తాగి, "బాగుంది. నానింక దాని జోలికి రాన్లే" అంది. అరవడం నా తప్పని అప్పుడే చెప్పాల్సింది, గ్లాసు కడగడానికి లేచిపోయాను. సాయంత్రం మిషన్ వెనకున్న ఉప్పు డబ్బా కావాల్సి వస్తే, తను తీసుకోకుండా నన్ను పిలిచింది.

ఇకనుంచి వాననీళ్లే పోయాలి. నెలకోసారి చింతపండు రసం, గుడ్డలో వడకట్టి, అమ్మ చేత్తోనే. రేపు పొద్దున మిషన్ స్విచ్ నేను ముట్టను. అమ్మ వచ్చి వేసేదాకా నాకూ కాఫీ లేదు.