శాన్ ఆంటోనియోలో మందుల షాపు

నాగమణీ, నేను కులాసా. అమ్మాయీ అల్లుడూ ఈ ఊరు చూపిస్తామని తీసుకొచ్చారు.

నిన్న మోకాలు పట్టేసింది. అల్లుణ్ణి మందు తెమ్మనడానికి మనసొప్పక ఒక్కణ్ణే బయల్దేరాను. అమ్మాయింట్లో గడ్డి కోసే మెక్సికో అతను నేర్పిన స్పానిష్‌లో, మందుల షాపెక్కడని ఒకావిణ్ణి అడిగాను, "దోందే ఎస్తా ఫార్మాసియా?" అని. చెప్పింది. అర్థమైందని మనలాగే తల అటూ ఇటూ ఊపాను. ఇక్కడ అలా ఊపితే కాదనట! ఆవిడ మళ్ళీ చెప్పింది, నేను మళ్ళీ ఊపాను. చివరికి నవ్వి, "వెన్, అబ్వేలో" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. రా తాతా అనట.

గేదె ఈనిందా? బోరు మోటారు బాగుచేయించు. నాకిక్కడ కాలు నిలవడం లేదు. టికెట్ ముందుకు జరపమని అల్లుడికి నువ్వే ఫోన్ చెయ్యి. దారినపోయే వాళ్ళనైనా అడుగుతాను గాని, అతన్ని నేనడగను.

పిల్లలకి దీవెనలు.

కొండల్ రావు