ఆరేసిన వలల మధ్య యుద్ధవిమానం

మహారాజశ్రీ మెకానిక్ తాతగారి దివ్యసముఖానికి,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఎయిర్‌ఫోర్సులో నువ్వు ఇరవై ఏళ్లు బాగుచేసిన రకం యుద్ధవిమానాలన్నీ రిటైరయ్యాయి. వాటిలో ఒకటి మన మైపాడు బీచ్ పార్కులో దిమ్మె మీద నిలబడి ఉంది. ఉప్పుగాలికి పొక్కిపోయింది కాబట్టి తుక్కు కింద కోసేస్తామని పార్కు ఆఫీసరు ప్రకటించాడు.

ఉప్పు పట్టిన లోహానికి మంచినీళ్లే మందు అనేవాడివి కదా! నిన్న నేనూ, పడవ ఇంజన్లు బాగుచేసే మస్తాన్ అన్నా డ్రమ్ములతో నీళ్లు తీసుకెళ్లి దాన్ని కడిగాం.

"ఎగరని దానికి స్నానమెందుకురా?" అన్నాడు ఆఫీసరు.

"మా తాత కూడా ఏనాడూ ఎగరలేదు సార్. అయినా రోజూ స్నానం చేసేవాడు," అన్నాను వినయంగా.

ఆయన లారీ తెస్తానని కోపంగా వెళ్లిపోయాడు. మస్తాన్ అన్న నవ్వాడు. "తెచ్చుకోనీలే అబ్బయ్యా. మనోళ్ల వలలన్నీ దీని చుట్టూ ఆరేస్తే సరిపోలా!"

ఈ ఉదయం పార్కు నిండా వలలే. ఆరేసిన వలను చెప్పుకాలితో తొక్కితేనే ఊరుకోరు మనవాళ్లు. ఇక టైరు ఎక్కించే మొనగాడెవడు? లారీ గేటు బయట హారన్ కొడుతోంది. కొట్టనీ. విమానం ముక్కు దగ్గర ఇంకా కాస్త ఉప్పుంది, నేను వెళ్లి కడగాలి.