వాసన చూడని నిమ్మకాయ

శనివారం, రాత్రి

ఇవాళ గుప్పిట్లో నిమ్మకాయ పట్టుకుని తమ్ముడి కారెక్కాను. ఎల్లుండి కన్యాకుమారికి బయలుదేరే ముందు ఒకసారి ఆత్మకూరు దాకా పోయి, టైర్లలో గాలి పట్టించుకుని, పెట్రోలు నింపుకొద్దామంది మరదలు సుగుణ.

బస్సెక్కితే ఊరు దాటకముందే నాకు వాంతి. అందుకే ఉదయగిరి వదిలి ఎటూ పోను. రెండే సీట్లున్న ఈ పాత స్పోర్ట్స్ కారు కొన్న రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "దీనికి పైకప్పే లేదక్కా. మొగాన గాలి కొడతా ఉంటే వాంతి ఎట్ట వస్తాదో నేనూ చూస్తా. ఎండలు తగ్గినాక నిన్ను కన్యాకుమారి తీసకపోతా." ఎండలు తగ్గకముందే వాడి గుండె ఆగిపోయింది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎవరో ఆవిడ, "మొగుడు పోయి ఏడాది కాలా, అప్పుడే షికార్లు" అంది. కప్పు లేని కారు కదా, ఆ మాట నేరుగా వచ్చి మా ఒళ్లో పడింది. సుగుణ తల తిప్పలేదు గానీ గేరు తప్పుగా వేసి బండి ఆపేసుకుంది. అంత దూరం ఈ పిల్ల ఎట్లా నడుపుతుందో. వద్దని చెబుదామా అంటే, ఇంట్లో కూర్చుని మాత్రం ఏం చేస్తుంది...

ఇంటి ముందు దిగబోతుంటే నా గుప్పిట వంక చూసింది.

"వదినా, నిమ్మకాయ అట్నే ఉండాది. వాసనే చూళ్లేదే నువ్వు."

అప్పటిదాకా నాకూ తెలియలేదు. దిగకుండా ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం.

వాంతి రాలేదురా. ఈ సంగతి ఫోన్ చేసి ఎవరికి చెప్పను?