ఎర్ర లైటు వెలుగుతోందా

తమ్ముడికి దీవెనలు. కంటి కట్టు విప్పారు, చూపు వచ్చింది. ఈ కార్డు నా చేత్తోనే రాస్తున్నాను, వరసలు వంకరపోతే నవ్వకు.

ఆపరేషను రోజు సాయంత్రం నువ్విచ్చిన పాటల ప్లేయరు ప్రార్థన మధ్యలో ఆగిపోయింది. తడుముకుంటూ చార్జింగుకు పెట్టాను. ఎర్ర లైటు వెలిగితేనే చార్జి ఎక్కుతున్నట్టని నువ్వు చెప్పావు గాని, నా రెండో కంటికి అంత చిన్న వెలుగు ఆనదు. పక్క మంచం దర్జీ ఆవిడను అడిగాను. "భేషుగ్గా వెలుగుతోంది అక్కయ్యా, నిశ్చింతగా పడుకోండి" అంది. తెల్లారి నొక్కితే పలకలేదు. నర్సమ్మ వచ్చి పకపకా నవ్వింది.

"గోడ మీద స్విచ్చే వెయ్యలేదు పెద్దమ్మా! అయినా మంచి సాక్షిని పట్టారు, ఆవిడ రెండు కళ్ళకూ కట్టేగా!"

"అంత దిగులుగా అడిగితే లేదనడానికి నోరు రాలేదు" అని గొణిగింది దర్జీ ఆవిడ.

నిన్న కట్టు విప్పగానే నాకు మొదట కనబడింది ఆ ఎర్ర చుక్కే. డాక్టరుగారు వేళ్ళు చూపించకముందే, లైటు వెలుగుతోందని చెప్పేశాను.

నువ్వు సెలవు పెట్టి రావద్దు. మరదలి దగ్గు తగ్గిందా? వంటింటి కొళాయి బాగుచేయించావా? ప్లేయరు మాత్రం ఇప్పుడే తిరిగి అడగకు. దర్జీ ఆవిడ కట్టు రేపు విప్పుతారు. మళ్ళీ సూదిలో దారం ఎక్కించగలనా అని ఆవిడ బెంగ. దాన్ని ఆవిడ మంచానికి ఎదురుగా చార్జింగుకు పెట్టాను. స్విచ్చు వేశాను. లైటు వెలుగుతోంది, ఈసారి నేనే చూశాను.

ఆవిడ కోసం మీరూ దేవుణ్ణి ఒక్క మాట అడగండి. పిల్లలతో చల్లగా ఉండండి.

మీ పెద్దక్క