నాలుగు మూరల వత్తి

ఐన్ సబ్లా,
రంజాన్ నాలుగో రోజు

చిరంజీవి నర్జెస్‌కు మామయ్య ఖమాయిస్ దీవించి రాసేదేమంటే,

ఇక్కడ అందరం బతికే ఉన్నాం. నీ పేజీయే ఇంకా తెరుచుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు గుట్ట మీద ఈ ఊరి ఫిరంగి పేల్చాను. తెల్లారకముందు ఇక తినకండని ఒకటి, పొద్దుగూకాక ఇక తినండని ఒకటి. కొత్త మేయర్ లజ్హర్ వచ్చి మందుగుండు ప్రమాదమన్నాడు. ట్యూనిస్‌లో కంప్యూటర్ పని చేసే మన ఊరి పిల్ల ఉండగా మందెందుకని నీ చేత పేజీ చేయించాడు. ఇప్పుడు వేళకి ఎవరి ఫోను వాళ్ళకి ఢాం అనాలి. బాగానే ఉంది, వేళకి అంటే కదా.

నిన్న సాయంత్రం పక్కింట్లో రెండు నిమిషాలు ఆలస్యంగా అంది. మా ఇంట్లో నాలుగు. కింది పేటలో ఎప్పుడందో వాళ్ళకే తెలీదు. ఒక ఇంటి తరవాత ఒక ఇల్లు పేలుతుంటే ఎవరో ఊరి మీదికి దండెత్తినట్టుంది. ఎదురింటి అత్తాకోడళ్ళు ఎవరి ఫోను ఢాం లెక్కకొస్తుందని మాటా మాటా అనుకున్నారు. గడియారం చూసుకోవచ్చుగా అంటావు. ఈ ఊళ్ళో గడియారం చూసి తినేవాణ్ణి తిండిపోతంటారని నీకు తెలుసు. మసీదు పిలుపా, గాలికి కింది పేట దాకా రాదు.

పండగ దాకా పేజీ సవ్యంగా నడిస్తే ఫిరంగిని హోటల్ గుమ్మంలో పెడతారట, ఫొటోలు దిగడానికి. పక్కన నన్నూ నిలబెడతారేమో. అది పోతే నేను ఈ ఊళ్ళో ఎవణ్ణి? నువ్వేమో మా అక్క కూతురివి, తిట్టడానికీ నోరు రావట్లేదు. ఒక్క ఢాంకి ఇంతసేపెందుకో చెప్పు.

నీ మామయ్య

తా.క. ఇది ట్యూనిస్‌కి జనాన్ని ఎక్కించుకెళ్ళే లువాజ్ వ్యాను నడిపే హెదీ చేత పంపుతున్నా. దారిలో రెండు చోట్ల ఆపి కునుకు తీసినా వాడు నీ పేజీ కంటే ముందొస్తాడు.

*

ట్యూనిస్,
ఐదో రోజు

మామయ్యకు నర్జెస్ సలాం. మన్నూబియా అత్తకి కూడా.

మేయర్ నాకిచ్చింది తొమ్మిది రోజులు. అంతా చేత్తో రాయాలంటే రెండు నెలలు. అందుకని ఫ్రేమ్‌వర్క్ తెచ్చుకున్నా. అంటే ముక్కలన్నీ తయారుగా దొరుకుతాయి, మనం కలిపి కుట్టుకోవడమే. గడియారానికో ముక్క, శబ్దానికో ముక్క. వాటి వెనక చుట్టాల్లా ఇంకొన్ని దిగుతాయి. మొత్తం పద్నాలుగు వందలు. ఫోను అవన్నీ దించుకున్నాకే ఢాం. నాకు పని తేలిక, ఫోనుకి బరువు. ఇప్పుడందరూ ఇలాగే చేస్తున్నారు. నా ఫోనులో టక్కున వస్తోంది. మీరంతా కొత్త ఫోన్లు కొనుక్కోరాదా?

ఉంటాను,
నర్జెస్

తా.క. ఆ పద్నాలుగు వందల్లో ఒకటి చైనా పంచాంగం లెక్కలు వేస్తోంది. ఎందుకొచ్చిందో నాకూ తెలీదు. తీసేస్తే ఢాం ఆగిపోతోంది.

*

ఐన్ సబ్లా,
ఆరో రోజు

నర్జెస్‌కు, ఈసారి దీవెనలు కాస్త తగ్గించి రాసేదేమంటే,

ఢాంకి కావలసినవి రెండు. మందు, వత్తి. చైనావాళ్ళెవరూ అక్కర్లేదు. నీ పని తేలిక కావడానికి తొమ్మిది వేలమంది ఖర్జూరం చేత్తో పట్టుకుని కూర్చోవాలా? మీ అత్త పల్చటి రొట్టెలో గుడ్డు మడిచి కరకరలాడేట్టు వేయించిన బ్రిక్, ఢాం వినబడేసరికి తడిగుడ్డలా అయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో నా సుఖం నేను ఒక్కరోజు చూసుకోలేదు. సైన్యంలో దెబ్బతిన్న ఈ కాలుతో కుంటుకుంటూ గుట్టెక్కినవాణ్ణి. నువ్వు కుర్చీలో కూర్చుని కూడా తేలిక వెతుక్కుంటున్నావు. సిగ్గుంటే చేత్తో రాయి.

మామయ్య

తా.క. మీ అత్త ఇప్పటికీ రోజూ ఆలివ్ నూనెతో ఆ కాలు రుద్దుతుంది. వీరుడి కాలంటుంది. వీరుడన్నప్పుడల్లా నవ్వుతుంది, ఎందుకో.

*

ట్యూనిస్,
పన్నెండో రోజు

మామయ్యకు నర్జెస్ సలాం.

సిగ్గుంది, అందుకే ఆరు రోజులు కూర్చుని చేత్తో రాశాను. మొత్తం నలభై వరసలు. చైనా పోయింది. పేజీ ముందే ఫోనులో దాక్కుని ఉంటుంది కాబట్టి తెరవగానే సిద్ధం. పాత ఫోన్లు కొత్త పేజీని తీసుకోవట్లేదు, వాళ్ళకి ఇంకా పాతదే. నువ్వు మాత్రం నేను పండక్కని పంపిన కొత్త ఫోనులో చూడు. రెప్ప వేసేలోగా ఢాం.

నర్జెస్

తా.క. ఇకమీదట ఆలస్యమయితే అది సూర్యుడి తప్పు.

*

ఐన్ సబ్లా,
పద్నాలుగో రోజు

నర్జెస్,

నిన్న నీ ఢాం ఒక నిమిషం ముందు మోగింది. దాక్కున్న పేజీలో మొన్నటి వేళ ఉండిపోయిందట కదా. ఈ నెలలో పొద్దు రోజుకో నిమిషం ఆలస్యంగా గూకుతుందని నీ నలభై వరసల్లో ఒక్కదానికీ తెలీదా?

మేయర్ బ్రిక్ సగం కొరికాక మసీదు పిలుపు వినబడింది. మింగాలో ఉమ్మాలో తెలీక అలాగే కూర్చున్నాడట. కొత్త ఫోనువాళ్ళందరూ పండగ తరవాత ఒక రోజు మళ్ళీ ఉపవాసం ఉండాల్సిందేనని ఇమాం గారు తేల్చేశారు. పాత ఫోన్లవాళ్ళకి నీ చైనా పేజీ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చి పుణ్యం దక్కించింది. కింది పేట మొత్తం పైపేటని చూసి నవ్వుతోంది. నేనూ మళ్ళీ ఉండాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఊరికి వేళ చెప్పినవాణ్ణి, నీ ఢాం నమ్మి తిన్నాను.

మేయర్ ఫిరంగి మళ్ళీ పేల్చమన్నాడు. కానీ షరతు పెట్టాడు. నువ్వు నీ ఫోనొకటి గుట్ట మీద పెట్టించి, అక్కణ్ణించే మూడు రోజులు వేళ కొలవాలట. అర నిమిషం దాటి తేడా వస్తే ఫిరంగి హోటల్‌కే.

మామయ్య

తా.క. ఫిరంగిని ఏం కొలుస్తారులే.

*

ట్యూనిస్,
పద్దెనిమిదో రోజు

మామయ్యకు నర్జెస్ సలాం, భయంభయంగా.

కొలిచాను. పొద్దుటి ఢాం తేడా మూడు రోజులూ పన్నెండు సెకన్లు దాటలేదు. సాయంత్రం ఢాం మాత్రం రోజూ నిమిషంన్నర ఆలస్యం. ఒకరోజైతే రెండు. అదే ఫిరంగి, అదే మనిషి. శుక్రవారం ఈ కాగితం మేయర్ చేతికి వెళ్ళాలి. ఒకసారి ఊరి ఉపవాసం చెడగొట్టాను, ఇప్పుడు అబద్ధం రాయలేను. ఏం జరుగుతోంది మామయ్యా?

నర్జెస్

*

ఐన్ సబ్లా,
ఇరవై ఒకటో రోజు

చిరంజీవి నర్జెస్‌కు మామయ్య తలవంచుకుని రాసేదేమంటే,

నిజం రాసి మంచిపని చేశావు. మేయర్ కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు. ఆయనకి చెప్పిందే నీకూ చెబుతున్నా. సాయంత్రం నేను వాడేది నాలుగు మూరల వత్తి. అంటించి, నింపాదిగా నడిచి, చెట్టు కింద కూర్చున్నాక పేలుతుంది. అవును, నా సుఖమే. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా. ముందే అంటించొచ్చుగా అన్నాడు మేయర్. గాలికి వత్తి చురుగ్గా కాలి ముందే పేలితే? ఆలస్యమయితే సూపు చల్లారుతుంది, ముందు పేలితే ఊరి ఉపవాసం పోతుంది.

పొద్దున అలా కుదరదు. ఆలస్యమయితే వేళ దాటాక తిన్నవాళ్ళవుతారు. తొందరపడితే కింది పేట తాపీ పనివాళ్ళు ఆఖరి గుక్క నీళ్ళు వదిలేసి ఎండలోకి పోతారు. అందుకని పొద్దున జానెడు వత్తి. అంటించి పరిగెత్తడమే. సైన్యంలో నాకే దెబ్బా తగల్లేదమ్మా, అక్కడ వంట చేశాను. మూడో ఏట ఒక తెల్లవారుజామున పరిగెత్తి కాలవలో పడ్డాను. పాత దెబ్బ తిరగబెట్టిందని అందరికీ చెప్పాను.

మేయర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక రోజు మళ్ళీ ఉపవాసం ఉండాల్సిన మనిషి కదా, అర్థమయింది. ఫిరంగి గుట్ట మీదే ఉంటుందని చెప్పి వెళ్ళాడు.

నీ మామయ్య

తా.క. ఇన్నేళ్ళూ సూపు చల్లార్చింది నేనేనని, కాలు సైన్యంలో దెబ్బతినలేదని మీ అత్తకి తెలియనివ్వకు.

అమ్మా నర్జెస్, మీ మామయ్య కవరంటించమని నాకిచ్చి నమాజుకెళ్ళారు. ఆ పొద్దున నేను మిద్దె మీదే ఉన్నాను. పడటమూ చూశాను, మర్నాడు కట్టు కట్టుకుని మళ్ళీ పరిగెత్తడమూ చూశాను. వీరుడి కాలని నేను రుద్దేది ఆ కాలినే. సూపంటావా, ఎప్పుడూ నిమిషంన్నర ఆలస్యంగానే దించుతాను. చల్లారిందని ఆయన ఒక్కసారన్నా అన్నారేమో అడుగు. — మన్నూబియా అత్త