లిఫ్టు వ్యాసానికి ఐదుగురు రచయితలు

గౌరవనీయులైన సంపాదకురాలు లక్ష్మీదేవి మేడమ్ గారికి,

బాచుపల్లి నుంచి బీటెక్ చివరి ఏడాది విద్యార్థిని సౌజన్య నమస్కరించి రాయునది. మీ విద్యార్థి పరిశోధన పత్రికకు నా మొదటి వ్యాసం పంపుతున్నాను. హైటెక్ సిటీలో మా అక్క పనిచేసే టవర్‌లో భోజనాల వేళ లిఫ్టు ఎందుకు రాదో నెల రోజులు అక్కడే నిలబడి లెక్కగట్టాను. రచయితలు: మా చైర్మన్ గారు, ప్రిన్సిపాల్ గారు, హెచ్‌ఓడీ గారు, గైడ్ గోవిందప్ప గారు, చివర నేను.

మీ విధేయురాలు,
సౌజన్య

తా.క.: చైర్మన్ గారి ఫొటో జతచేశాను. రంగుల్లో వేస్తే సంతోషిస్తారు.

*

చిరంజీవి సౌజన్యకు ఆశీస్సులు.

అంశం బాగుంది. మాదాపూర్‌లో మేమూ లిఫ్టు రాక మెట్లెక్కే జనమే. కానీ పనిచేసినవాళ్లే రచయితలమ్మా. ఆ నలుగురూ ఏం చేశారో రాయి. ఇంకో మాట. వ్యాసం చదివి తప్పొప్పులు చెప్పే సమీక్షకులకు మీరెవరో తెలియకూడదు, వాళ్లెవరో మీకు తెలియకూడదు. ఆనవాళ్లన్నీ తీసేసి పంపు.

శుభం కోరే,
లక్ష్మీదేవి

తా.క.: ఫొటోకు పూలదండ ఉందేమిటి? ఆయన బతికే ఉన్నారు కదా?

*

మేడమ్ గారికి నమస్కారం.

చైర్మన్ గారు నిక్షేపంలా ఉన్నారు. అది సన్మానం ఫొటో. ఎవరేం చేశారంటే, చైర్మన్ గారు కాలేజీ పెట్టారు. ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు. హెచ్‌ఓడీ గారు ఆ సంతకం పెట్టించడానికి ఇంకో సంతకం పెట్టారు. గోవిందప్ప సార్ "కానీయమ్మా" అన్నారు. వ్యాసం ఎవరూ చదవలేదు. అయినా పేర్లు తీసేయకండి మేడమ్, నా ప్రాజెక్టు మార్కులు సార్ చేతిలో ఉన్నాయి. నా పేరు చివర ఉన్నా చాలు. నిజానికి చాలదు, ఏడుపొస్తోంది. ఏం చేయను?

దిక్కుతోచని,
సౌజన్య

తా.క.: ఆనవాళ్లు తీసేయమన్నారని చైర్మన్ గారి కళ్లకు నల్ల పట్టీ వేశాను. ఇప్పుడాయన భూకబ్జా కేసులో దొరికినట్టున్నారు. ప్రిన్సిపాల్ గారు చూసి పరేషాన్ అవుతున్నారు.

*

సౌజన్యా,

ఆ ఫొటో తక్షణం తీసెయ్! పేర్ల సంగతి తర్వాత చూద్దాం, సమీక్ష వచ్చింది. "లెక్కలు గట్టివి. విద్యార్థి బాగా కష్టపడ్డారు. కానీ పేరాలకు తలాతోకా లేదు. గైడనేవాడు ఒక్కసారి చదివినా ఈ తప్పులుండేవి కావు. అలాంటి గైడు జీతం తీసుకోవడం సిగ్గుచేటు." ఇది మీ గైడ్‌కు చూపించి, పక్కన కూర్చుని దిద్దించుకో.

నీ మేలు కోరే,
లక్ష్మీదేవి

తా.క.: సమీక్షకుడి పేరు అడగొద్దు. పేర్లు తీసేసిన వ్యాసాలు పంపేది మా ఆఫీసులో శ్యామ్. ఎవరికి పంపాడో నాకు కూడా చెప్పడు.

*

మేడమ్ గారికి,

చూపించాను. స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ చదవమన్నారు. "లెక్కలు గట్టివి" అనగానే "ఎవురో గానీ బాగా రాసినారే" అని సార్ మెచ్చుకున్నారు. "తలాతోకా" దగ్గర టీ గ్లాసు కింద పెట్టారు. "సిగ్గుచేటు" వినగానే కాగితం లాక్కుని, ఫోన్‌లో ఏదో వెతుక్కుని, "అమ్మా, ఇది రాసింది నేనే గదమ్మా!" అన్నారు. మ్యాథ్స్ మేడమ్ నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయారు.

సార్ పెన్ను తీసి తన పేరు తానే కొట్టేశారు. పెద్దల దగ్గరికి వెళ్లి వాళ్ల పేర్లు కూడా తీయించుకొచ్చారు. ఏం చెప్పారో తెలియదు. "కూచో, మొదటి పేరా సదువు" అన్నారు. సాయంత్రం దాకా దిద్దాం.

ఇప్పుడు వ్యాసం మీద ఒకటే పేరు మేడమ్. నాది. ఊరికే తీసి చూసుకుంటున్నాను.

సంతోషంతో,
సౌజన్య

తా.క.: సార్ రాసిన సమీక్ష ఇక చెల్లదు కాబట్టి శ్యామ్ గారు ఇంకొకరికి పంపాలి కదా. మా హెచ్‌ఓడీ గారికి మాత్రం పంపొద్దనండి. ఆయన పేరున శ్యామ్ గారికొచ్చే సమీక్షలన్నీ రాసేది నేనే.