పాప చేసుకోవాల్సిన గూడు

ఏమండీ, డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నాను. పాలు కాచి మూతపెట్టాను. చలి కొరికేస్తోంది, పాపకి చెవులు మూసేలా టోపీ పెట్టి బడికి పంపండి. చలికాలంలో పిట్టలెలా బతుకుతాయో చూపించే బొమ్మగూడు బడికెళ్ళేలోపు మళ్ళీ చేయాలి. మీరు మాత్రం జిగురు ముట్టుకోకండి! నిన్న మీరు చేసిచ్చిన గూడు చూసి టీచరమ్మ "ఇందులో దూది ఎందుకు పెట్టావ్?" అనడిగితే, పిల్ల "మా నాన్ననడగండి" అందట. క్లాసంతా ఒకటే నవ్వు. అది ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడుస్తుంటే మీరేమో "గూడు బాగుందన్నారా?" అంటారు! మీతో వేగలేక చస్తున్నాను. వంకరగా వచ్చినా సరే, దాన్నే చేసుకోనివ్వండి.

అన్నట్టు, నిన్న జడ విప్పుతుంటే అడిగింది: "చిన్నప్పుడు నాన్నని ఎవరూ బొమ్మలు చేసుకోనివ్వలేదా అమ్మా?" నాకు తెలీదన్నాను. మీరే చెప్పండి.